మెషీన్‌తో కలిసి ఒకే కాగితం మీద బొమ్మ వేస్తే అది ఎవరిదవుతుంది?

నా అనుభవంలో అయితే, పాడైతే నాది, బాగొస్తే చూసినవాళ్లంతా మెషీన్‌దే అంటారు.

నా దగ్గర ఒక పెన్ ప్లాటర్ ఉంది, అంటే కంప్యూటర్ చెప్పినట్టు పెన్నుతో గీసే మెషీన్. రెండు మోటార్లు పెన్నుని అటూ ఇటూ జరుపుతాయి, ఇంకో చిన్నది దాన్ని ఎత్తి దించుతుంది, అంతే. ఒకరోజు చెట్టు బొమ్మ మొదలుపెట్టాం. కొమ్మలూ ఆకులూ నావి, వాటి మధ్య సన్నగీతల నీడ దానిది. నీళ్లు తాగి వచ్చేసరికి పెన్ను ఎత్తే మోటారు మొరాయించింది, ఒక నీడ నుంచి ఇంకో నీడకి పెన్ను కాగితం మీదే ఈడ్చుకుంటూ పోయి చెట్టంతా సాలెగూడు చేసి పెట్టింది. కోపంతో చింపేద్దామని కాగితాన్ని అంటించిన టేపు ఒక మూల లాగేశాను కూడా. అప్పుడు చూస్తే ఆ గీతలు చెట్టుకి చిక్కుకున్న దారాల్లా కనిపించాయి! కూర్చుని ఒక్కో దారం చివర ఒక్కో గాలిపటం వేశాను. మోటారు సరిచేసి మళ్లీ నడిపితే మిగిలిన నీడంతా ఆకుల మీద కాకుండా పక్కన పడింది. నేను టేపు లాగినప్పుడు కాగితం రెండు మిల్లీమీటర్లు జరిగింది మరి, దానికి కళ్లు లేవు, ఎలా తెలుస్తుంది?

కళ్లున్నవీ ఉన్నాయి. సౌగ్వెన్ చుంగ్ అనే ఆర్టిస్ట్ 2015లో మొదలుపెట్టిన ప్రాజెక్టులో, ఆమె గీస్తుంటే కెమెరాతో చూసి పక్కనే రోబో చెయ్యి కూడా గీసేది. అంతకు చాలా ముందే, 1970లలో హెరాల్డ్ కోహెన్ అనే చిత్రకారుడు, బొమ్మలు గీసే ‘ఆరన్’ అనే కంప్యూటర్ ప్రోగ్రాము రాశాడు. మొదట్లో అది గీతలు గీస్తే చాలా బొమ్మలకి ఆయనే చేత్తో రంగులు వేసేవాడు, 1990లలో రంగులు వేసే మెషీన్ కూడా తయారుచేశాడు. కాబట్టి ఈ ప్రశ్న కొత్తదేం కాదు. స్క్రీన్ మీద ఒక మాట టైప్ చేస్తే వచ్చే ఏఐ బొమ్మల గొడవంతా తెచ్చి దీనికి అంటగట్టకండి, దయచేసి. అక్కడ నచ్చకపోతే ఇంకోటి అడుగుతారు, ఇక్కడ సిరా పడితే పడినట్టే, ఎవరు చెడగొట్టినా రెండోవాళ్లు దాని మీదే గీయాలి. అన్నట్టు జెల్ పెన్నులు వాడకండి, ఒక్కోసారి సరిగ్గా సగంలో సిరా ఆగిపోతుంది, మెషీన్ మాత్రం ఏమీ ఎరగనట్టు ఉత్త గాలి గీతలు గీస్తూనే ఉంటుంది.

ఆ చెట్టు బొమ్మ మీద సంతకం ఇంకా పెట్టలేదు. పెట్టాల్సిన మూలే నేను టేపు లాగింది, అక్కడ కాగితం కాస్త చిరిగింది.