ఇంజిన్ అమ్మకండి, బండిని మాత్రం రోడ్డెక్కనివ్వకండి

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి రాశాడు. పాత ఇనుప కొట్టులో టీవీఎస్ ఎక్సెల్ ఇంజిన్ కొని సైకిల్‌కు బిగించాడు. చదును రోడ్డు మీద బాగానే పోతుంది. చెరువుకట్ట మాత్రం ఎక్కదు, కాలిన వాసన వస్తుంది, చైను ఊడిపోతుంది. రోజూ పాలకు దాని మీదే వెళ్తున్నాడు. చివరికి మెకానిక్ అయిపోతాడేమోనని భయం. ఆ ఇంజిన్ అమ్మేద్దామనుకుంటున్నా. ఇంటర్ మంచిదా, పాలిటెక్నిక్ మంచిదా? ఈవీ (కరెంటు బండ్ల) కోర్సులో చేర్చమని బంధువులు అంటున్నారు.
- ఒక తండ్రి, నంద్యాల జిల్లా

జవాబు: ముందు పాల సంగతి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం మైనరు బండి నడిపి పట్టుబడితే శిక్ష తండ్రికి పడుతుంది: మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా. పిల్లాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. నాకు తెలియదనడానికి కూడా మీకు వీల్లేదు, మీరే పంపిస్తున్నారు. పైగా అవి సైకిల్ బ్రేకులు. 15 కిలోమీటర్ల వేగాన్ని ఆపే రబ్బరు ముక్కల మీద 30లో వెళ్తే నాలుగు రెట్ల భారం పడుతుంది. వానలో అసలే ఆగదు. ఈరోజే ఆపించండి.

ఇక కట్ట ఎందుకు ఎక్కదంటే, ఎక్సెల్ చక్రం ఒక చుట్టుకు సుమారు 1.7 మీటర్లు పోతుంది, 26 అంగుళాల సైకిల్ చక్రం దాదాపు 2.1 మీటర్లు. చైను తిప్పే పళ్ళ చక్రాలు, అంటే స్ప్రాకెట్లు, పాతవే వాడితే ఇంజిన్ మీద లాగుడు పావు వంతు పెరుగుతుంది. ఎత్తులో క్లచ్ జారి వేడెక్కుతుంది. ఆ వాసన దానిదే. వెనక స్ప్రాకెట్‌కు 36 పళ్ళుంటే 45 కావాలి. చైను ఊడటానికి మొదట చూడాల్సింది రెండు స్ప్రాకెట్ల వరస: పక్కన దారం లాగి పట్టుకుంటే వంకర తెలుస్తుంది. చైను మధ్యలో వేలితో నొక్కితే ఒకటి, ఒకటిన్నర సెంటీమీటరు ఆడాలి. ఇంజిన్ పట్టీని సైకిల్ గొట్టానికి నేరుగా వెల్డింగ్ చేసి ఉంటే, గొట్టం పలచన కాబట్టి అదురుకు అతుకు పక్కనే పగులు వస్తుంది. రబ్బరు వేసి క్లాంపుతో బిగించి, అదురుకు వదులు కాని నైలాక్ నట్లు పెట్టాలి.

ఇంత వివరంగా ఎందుకు రాశానంటే, మీవాడికి చేతిపని వచ్చింది, లెక్క వేసుకోవడం ఇంకా రాలేదు. పళ్ళ లెక్కంతా నిష్పత్తులే. వాడికి గణితం అక్కడి నుంచే చెప్పించండి. మెకానిక్ అనే మాటను మీరు తిట్టులా రాశారు. ఇంట్లో ఆ మాట అలాగే వింటూ పెరిగిన పిల్లాడు, ఉన్న ఇష్టాన్ని కూడా దాచుకుంటాడు.

ఈవీ కోర్సుల మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. రంగం నిజమే, కానీ మూడు నెలల సర్టిఫికెట్లలో చాలావరకు తెర మీద బొమ్మలే. చేర్చే ముందు అడగండి: బ్యాటరీ ప్యాక్ విప్పి చూపిస్తారా? సెల్స్‌కు స్పాట్ వెల్డింగ్ పిల్లల చేత చేయిస్తారా? వర్క్‌షాపులో వారానికి ఎన్ని గంటలు? జవాబు నసిగితే డబ్బు కట్టకండి. కరెంటు బండికీ ఫ్రేమూ, బ్రేకూ, బేరింగూ ఉంటాయి. పదో తరగతి తర్వాత నేర్వాల్సింది ఆ పునాదే.

ఇలాంటి పిల్లాడికి నా మొగ్గు పాలిటెక్నిక్ వైపే, మెకానికల్ లేదా ఆటోమొబైల్. మొదటి ఏడాది నుంచే డ్రాయింగూ, వర్క్‌షాపూ ఉంటాయి. తర్వాత డిప్లొమా వాళ్ళకుండే ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. అక్కడ గణితంలో తడబడేవాళ్ళు ఎక్కువ, ఆ విషయంలో ఇంటర్ పిల్లలకే బలం. హైదరాబాద్ బాలానగర్‌లోని సీఐటీడీలో (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) పది తర్వాత నాలుగేళ్ల టూల్, డై అండ్ మోల్డ్ మేకింగ్ (పనిముట్లు, అచ్చుల తయారీ) డిప్లొమా ఉంది, దానికి వేరే ప్రవేశ పరీక్ష. ఏ దారిలో వెళ్ళినా మీవాడు వెనకబడడు, ఆ భయం వదలండి.

ఇంజిన్‌ను స్టాండు మీద పెట్టనివ్వండి. వెనక స్ప్రాకెట్ బొమ్మ కొలతలతో కాగితం మీద గీయమనండి. దాన్ని పట్టుకుని ఇద్దరూ లేత్ షాపుకు వెళ్ళండి. మేస్త్రీ అడిగే ప్రశ్నలకు జవాబు వాణ్ణే చెప్పనివ్వండి.