డాక్టర్ సలహా: జ్వరం తగ్గాక అన్నయ్య అందరినీ అనుమానిస్తున్నాడు, చేయి చేసుకుంటున్నాడు.. ఏం చేయాలి?

ప్రశ్న: మాది అల్వాల్. మా అన్నయ్యకు 38 ఏళ్లు. శామీర్‌పేట వైపు ఒక వ్యాక్సిన్ కంపెనీలో శాస్త్రవేత్త. ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరుగడు. వారం కింద జ్వరం, బాగా తలనొప్పి వచ్చాయి. మెడికల్ షాపులో మాత్రలు తెచ్చి వేస్తే మూడు రోజులకు జ్వరం కాస్త తగ్గింది. అప్పటి నుంచే మాటల్లో తేడా వచ్చింది. ల్యాబ్‌లోంచి వైరస్ బయటికి వచ్చిందని, దాన్ని తన మీదే ప్రయోగించారని, మేమూ వాళ్లతో కలిసిపోయామని అంటున్నాడు. కిటికీలకు టేపు అంటించాడు. అప్పుడప్పుడు రబ్బరు కాలిన వాసన వస్తోందంటాడు, మాకెవరికీ రావడం లేదు. మొన్న రాత్రి పాలలో ఏదో కలిపారని వదిన మీదికి గ్లాసు విసిరి, ఆపబోయిన నాన్నగారిని గోడకేసి తోసేశాడు. ఇప్పుడు నిద్రమాత్ర ఇచ్చి పడుకోబెడుతున్నాం. వార్తల్లో నిపా గురించి చూశాక మరీ టెన్షన్‌గా ఉంది. మనిషిని ఇలా మార్చేసే వైరస్ నిజంగా ఉంటుందా? మాకూ అంటుకుంటుందా? ఆఫీసులో చెబితే ఉద్యోగం పోతుందా? ఎర్రగడ్డకు తీసుకెళ్లమని పక్కింటివాళ్లు అంటున్నారు. మంచి సైకియాట్రిస్టును చెప్పగలరా?

జవాబు: అమ్మా, ఈ జవాబు మీరు సైట్‌లో చదివేదాకా ఆగడానికి వీల్లేదు. అందుకే మీ ఉత్తరం చూడగానే, మీకు ఫోన్ చేసి అన్నయ్యను వెంటనే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లమని చెప్పాలని డెస్క్ వాళ్లను కోరాను. ఇలాంటి పరిస్థితిలోనే ఉన్న వేరే కుటుంబాల కోసం మిగతాది ఇక్కడ రాస్తున్నాను. మనిషిని చూడకుండా ఇదే జబ్బని నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. ఏ మందు ఎంత వాడాలో ఆయన్ను పరీక్షించిన డాక్టరే నిర్ణయిస్తారు.

మీరు నాలుగు ప్రశ్నలు అడిగారు. నేను మాత్రం మీరు మధ్యలో ఊరికే రాసేసిన మాట దగ్గర ఆగిపోయాను. రబ్బరు కాలిన వాసన. ఎవరికీ రాని వాసన ఒక్కరికే వచ్చిపోతుంటే అది మెదడులో చెవుల పైభాగాన ఉండే టెంపొరల్ లోబ్ నుంచి పుట్టే చిన్నపాటి ఫిట్స్ కావచ్చు. వాసన, జ్ఞాపకం, భయం, ఈ మూడింటి సర్క్యూట్లూ అక్కడే పక్కపక్కన ఉంటాయి. జ్వరం, తలనొప్పి, ఆ వెంటనే మనిషి స్వభావం మారడం, పైన ఈ వాసన. ఇవన్నీ కలిసి వస్తే, కాదని తేలేదాకా మేం దాన్ని మెదడువాపుగానే చూస్తాం.

మొన్నటిదాకా మామూలుగా ఉన్న 38 ఏళ్ల మనిషికి నాలుగు రోజుల్లో, అదీ జ్వరంతో పాటు, మానసిక జబ్బు వచ్చిపడటం చాలా అరుదు. ఆయన పిల్లల పేర్లు, ఈ రోజు ఏ వారమో సరిగ్గా చెప్పగలుగుతున్నారా? పగలు కాస్త బాగుండి రాత్రి ఎక్కువవుతోందా? లేనివి కళ్లకు కనిపిస్తున్నాయంటున్నారా? ఇవి మీరు రాయలేదు. వీటిలో ఏది ఉన్నా నా అనుమానం ఇంకా బలపడుతుంది.

మనిషిని ఇలా మార్చే వైరస్ ఉంటుందా అన్నారు. ఉంటుంది. కానీ మీరు భయపడుతున్న తీరులో కాదు. ఏ వైరసూ మనిషిలోకి చంపాలన్న కోరికను తెచ్చిపెట్టదు. మెదడు వాచినప్పుడు కళ్ల ముందున్నది తప్పుగా అర్థమవుతుంది. పాలగ్లాసు విషంలా, ఆపడానికి వచ్చిన తండ్రి దాడికి వచ్చినవాడిలా కనిపిస్తాడు. అంటే ఆ రాత్రి మీ అన్నయ్య తనను తాను కాపాడుకుంటున్నానని అనుకుని ఉంటారు. తను చేసే పనే వైరస్‌లతో కాబట్టి ఆయన భయం కూడా ల్యాబ్ రూపమే తీసుకుంది. బ్యాంకులో పనిచేసే మనిషైతే ఖాతా ఖాళీ చేశారని అనేవాడేమో. ఈ మాట మీ నాన్నగారికి, వదినకు తప్పకుండా చెప్పండి. వాళ్ల మనసు ఎంత గాయపడి ఉంటుందో నాకు తెలుసు.

పెద్దల్లో ఇలాంటి లక్షణాలు చూస్తే మేం మొదట వెతికేది ల్యాబ్ వైరస్‌ను కాదు, హెర్పిస్ సింప్లెక్స్‌ను. జ్వరం వచ్చినప్పుడు పెదవి చివర పొక్కు లేస్తుంది చూడండి, అదే వైరస్. మనలో చాలామంది ఒంట్లో ఏళ్ల తరబడి నిద్రపోతూ ఉంటుంది. ఎక్కడో ఒకరిలో మెదడుకు ఎక్కుతుంది, ఎక్కితే ఎక్కువగా టెంపొరల్ లోబ్‌నే పట్టుకుంటుంది. వైద్యం అందకపోతే ఈ మెదడువాపు వచ్చిన 100 మందిలో 70 మంది దాకా చనిపోతారు. దీనికి ఎసైక్లోవిర్ అనే మందు ఉంది. ఎనిమిది గంటలకోసారి నరం ద్వారా, రెండు మూడు వారాలు ఇస్తారు. మాత్రలు సరిపోవు. పరీక్షల రిపోర్టులు వచ్చేదాకా ఆగకుండా అనుమానం రాగానే మొదలుపెడతాం. కాదని తేలితే ఆపేస్తాం. ఎంత త్వరగా మొదలైతే మనిషి, ఆ మనిషి జ్ఞాపకాలు అంతగా దక్కుతాయి.

కారణం ఇదొక్కటే కాకపోవచ్చు. శరీరంలోని రక్షణ వ్యవస్థే పొరబడి మెదడు మీద దాడి చేసే ఆటోఇమ్యూన్ మెదడువాపులు ఉన్నాయి. వాటిలో ఒకటైన ఎన్‌ఎండీఏ రకాన్ని 2007లో గుర్తించారు. అది అచ్చం మానసిక జబ్బులాగే మొదలవుతుంది, చాలామంది ముందు సైకియాట్రిస్టు దగ్గరికే వెళ్తారు. మెదడుకు ఎక్కిన మలేరియా, చిన్న పురుగు కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం, ఒంట్లో సోడియం పడిపోవడం, షుగర్ పడిపోవడం, మద్యం అలవాటున్నవాళ్లు ఒక్కసారిగా మానేయడం కూడా మనిషిని ఇలా చేస్తాయి. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది.

ఇక నిద్రమాత్రల సంగతి. కోప్పడుతున్నానని అనుకోకండి, కానీ ఇది చెప్పకుండా వదలలేను. ఆ మాత్ర ఎవరు రాశారు? మీ ఉత్తరంలో ఏ డాక్టర్ పేరూ లేదు. జ్వరానికి షాపులో మాత్రలు, గొడవకు షాపులో మాత్రలు. ఆ మూడు రోజుల్లో తగ్గింది జ్వరం ఒక్కటే, లోపల జబ్బు నడుస్తూనే ఉంది. మెదడువాపు ఉన్న మనిషికి నిద్రమాత్ర ఇస్తే శ్వాస మందగించవచ్చు, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. కొందరిలో ఆ మాత్రే గందరగోళాన్ని, కోపాన్ని పెంచుతుంది. వీటికన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. రేపు ఆయన పిలిచినా పలక్కుండా పడుకుంటే అది మాత్ర మత్తో, స్పృహ పోవడమో మీకు తెలియదు, మాకూ వెంటనే తెలియదు. ఇంట్లోవాళ్లు మాత్రం 'హమ్మయ్య, ఈ రోజు ప్రశాంతంగా ఉన్నాడు' అనుకుంటారు.

నేను జూనియర్‌గా ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసే రోజుల్లో ఒక స్కూల్ టీచర్‌ను తొమ్మిదో రోజున తీసుకొచ్చారు. సరిగ్గా ఇదే కథ. జ్వరం, అనుమానం, భార్యను కొట్టడం. తాయెత్తు కట్టించారు, ఊళ్లో ఎవరో రోజూ మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు. ప్రాణం నిలబెట్టాం. కానీ ఆయన కూతురు రోజూ వచ్చి తన పేరు చెప్పుకోవలసి వచ్చేది. ఐదు నిమిషాల తర్వాత మళ్లీ చెప్పుకోవలసి వచ్చేది. ఆ అమ్మాయి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. రెండో రోజునో మూడో రోజునో తెచ్చి ఉంటే అని ఆ తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు.

మన ప్రాంతానికి మెదడువాపు కొత్త కాదు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చండీపురా వైరస్ పిల్లలను పట్టుకున్నప్పుడు 329 మందిలో 183 మంది చనిపోయారు. చాలామందికి జబ్బు మొదలైన ఒకటి రెండు రోజులు కూడా దక్కలేదు. అది పిల్లల జబ్బు, ఇసుక ఈగలతో వచ్చేది, మీ అన్నయ్యకు అదే వచ్చిందని నేను అనడం లేదు. మెదడువాపు విషయంలో మేం రోజులు కాదు, గంటలు ఎందుకు లెక్కపెడతామో తెలియాలని చెబుతున్నాను.

ఆసుపత్రిలో ఎమ్మారై తీస్తారు. సీటీ స్కాన్ మొదట్లో మామూలుగా కనిపించవచ్చు, అది చూసి ఇంటికి వచ్చేయకండి. మెదడులోని విద్యుత్ తరంగాలను చూసే ఈఈజీ తీస్తారు, రక్త పరీక్షలు చేస్తారు. ఆ తర్వాత వెన్నులోంచి నీరు తీయాలంటారు. సరిగ్గా ఇక్కడే సగం కుటుంబాలు సంతకం పెట్టకుండా ఆగిపోతాయి. 'నడుము పడిపోతుందట కదా' అంటారు. సిజేరియన్‌కు మత్తు సూది నడుములో ఎక్కడ ఇస్తారో ఇదీ దాదాపు అక్కడే. వెన్నుపాము ఇంకా పైనే ముగిసిపోతుంది, సూది దాని కింద వెళ్తుంది. కొన్ని రోజులు తలనొప్పి ఉండవచ్చు. స్కాన్‌లో మెదడులో ఒత్తిడి ఎక్కువగా ఉందనిపిస్తే డాక్టర్లే ఆ పరీక్షను వాయిదా వేస్తారు. ఏ వైరస్ అన్నది తేల్చేది ఎక్కువగా ఈ నీటి పీసీఆర్ పరీక్షే. మరీ ముందుగా చేస్తే ఒక్కోసారి నెగెటివ్ వస్తుంది, మళ్లీ చేయాలంటే విసుక్కోకండి. దయచేసి సంతకం పెట్టండి.

నిపా విషయానికి వస్తే, అది కూడా మెదడువాపే తెస్తుంది. సోకినవాళ్లలో 100కు 40 నుంచి 75 మంది దాకా చనిపోతారు, భయం సహజమే. కానీ అది సాధారణంగా వచ్చేది పండ్లు తినే గబ్బిలాలతోనో, అవి కొరికిన పండ్లతోనో, నిపా ఉన్న రోగితోనో దగ్గరి సంబంధం ఉంటేనే. గత మూడు వారాల్లో అన్నయ్య కేరళ గానీ, కేసులు వచ్చిన ఇంకో చోటుకు గానీ వెళ్లారా? అలాంటి రోగిని చూసుకున్నారా? వెళ్లి ఉంటే ఆసుపత్రి గుమ్మంలోనే చెప్పండి, విడిగా ఉంచుతారు. ప్రాణంతో ఉన్న నిపా వైరస్‌ను పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థలో ఉన్నలాంటి అత్యున్నత భద్రత గల ల్యాబుల్లోనే ఉంచి పరిశోధిస్తారు. హెర్పిస్ మెదడువాపు అయితే పక్కన కూర్చుని సేవ చేసినందుకు మీకు మెదడువాపు రాదు. కారణం తేలేదాకా మాస్కు పెట్టుకోండి, చేతులు కడుక్కోండి, ఆయన ఎంగిలి గ్లాసు ఎవరూ వాడొద్దు. ఇంట్లో ఇంకెవరికైనా జ్వరం వస్తే దాచకండి.

కుక్క కాటు గురించి కూడా అడగాలి. గత కొన్ని నెలల్లో కుక్క, కోతి, పిల్లి కరవడం గానీ గీరడం గానీ జరిగిందా? నీళ్లు తాగబోతే గొంతు పట్టేస్తోందా, గాలి తగిలినా ఉలిక్కిపడుతున్నారా? రేబిస్‌లోనూ మనిషి కాసేపు రెచ్చిపోయి కాసేపు మామూలుగా ఉంటాడు. లక్షణాలు వచ్చాక దాన్ని ఆపే మందు లేదు. అందుకే నగరంలో ఎవరికి కాటు పడినా 15 నిమిషాలు సబ్బుతో కడిగి, అదే రోజు టీకా వేయించుకోమని పోరుతుంటాం.

ఆఫీసులో చెప్పాలా? చెప్పండి, ఈ రోజే చెప్పండి. ఆయన ఏ వైరస్‌తో, ఏ జంతువులతో పనిచేస్తున్నారో, ఈ మధ్య సూది గుచ్చుకోవడం, గాజు పగలడం, చిమ్మడం లాంటిది జరిగిందా అన్నది చికిత్స చేసే డాక్టర్‌కు చాలా ముఖ్యం. ఇలాంటి ల్యాబుల్లో బయోసేఫ్టీ చూసే అధికారి ఉంటారు, నేరుగా వారితో మాట్లాడండి. 1967లో జర్మనీలోని మార్బర్గ్, ఫ్రాంక్‌ఫర్ట్‌లలో, బెల్‌గ్రేడ్‌లో టీకా పనుల కోసం ఉగాండా నుంచి తెప్పించిన కోతుల వల్ల ల్యాబ్ సిబ్బందికి అంతకుముందు ఎవరూ చూడని జబ్బు వచ్చింది. వాళ్లతో పాటు వాళ్లకు సేవ చేసిన కొందరికీ సోకింది. మొత్తం 31 మందిలో ఏడుగురు చనిపోయారు. రోగులంతా ఆ కోతులతో పనిచేసే చోటి నుంచే వస్తున్నారన్న సంగతే అక్కడి డాక్టర్లకు దారి చూపించింది. మీ అన్నయ్య చెప్పే కుట్ర కథను నేను నమ్మడం లేదు, కానీ ఆయన ఉద్యోగం వివరాలను కొట్టిపారేయను. ఉద్యోగం సంగతి తర్వాత చూసుకోవచ్చు, జబ్బుపడ్డారని డాక్టర్ రాసిచ్చే కాగితం ఆయనకు రక్షణే.

సైకియాట్రిస్టు కూడా కావాలి, కానీ ముందు న్యూరాలజీ, ఐసీయూ, ఎమ్మారై ఉన్న ఆసుపత్రి. మీకు దగ్గరలో గాంధీ ఉంది, నిమ్స్ ఉంది, స్తోమత ఉంటే ప్రైవేటుకు వెళ్లండి. ఎర్రగడ్డ డాక్టర్లను తక్కువ చేయడం లేదు. ఈ కథ వింటే వాళ్లూ మొదట న్యూరాలజీకే పంపుతారు.

తీసుకెళ్లేటప్పుడు 108కి ఫోన్ చేసి 'జ్వరం, మతి తప్పింది, దాడి చేస్తున్నాడు' అని స్పష్టంగా చెప్పండి. చేయి దాటిపోతే 112. ఆయనతో వాదించకండి, 'వైరస్ లేదు, ఏమీ లేదు' అని ఒప్పించబోకండి. ఆయన నమ్మే ఒక్కరే మెల్లగా మాట్లాడండి, మిగతావాళ్లు వెనక్కి జరగండి. కత్తులు, గాజుసామాను తీసేయండి, పిల్లలను వేరే ఇంటికి పంపండి. మంచానికి కట్టేయకండి, ఆ సమయంలో ఫిట్స్ వస్తే ప్రమాదం. ఇక నిద్రమాత్ర ఇవ్వొద్దు. ఇప్పటిదాకా ఇచ్చిన మాత్రల స్ట్రిప్పులన్నీ, ఖాళీవి కూడా, ఒక కవర్‌లో వేసుకుని వెళ్లండి. ఏది ఏ రోజు ఎన్ని గంటలకు ఇచ్చారో కాగితం మీద రాసుకోండి. ఎమర్జెన్సీలో ఉన్న డ్యూటీ డాక్టర్ మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది. తోసినప్పుడు నాన్నగారి తలకు గోడ తగిలి ఉంటే, ఆయన్నూ అక్కడే చూపించండి.