తుపాను మాక్ డ్రిల్‌కు మెయిళ్లు రాయబోతున్న మా పాపకు

వేదాయపాళెం, నెల్లూరు

చిరంజీవి పాపకు, మామయ్య ఆశీస్సులు.

ఒంగోలు కలెక్టరేటు ప్రకాశం భవన్‌లో పెట్టబోయే తుపాను మాక్ ఎక్సర్‌సైజ్‌కు, అంటే తుపాను వచ్చినట్టు అనుకుని చేసే అభ్యాసానికి, ఉత్తుత్తి మెయిళ్లు తయారుచేసే పని నీకు ఇచ్చారని నిన్న రాత్రి ఫోన్‌లో చెప్పావు. ఫోన్లు, వైర్‌లెస్ సెట్లు పెద్దవాళ్లు చూసుకుంటారు, నాది చిన్న పనే మామయ్యా అన్నావు. చిన్న పని కాదమ్మా. ఆ మాట ఫోన్‌లోనే చెప్పాల్సింది, కానీ వివరంగా రాస్తేనే నీకు పనికొస్తుందని ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

నేను కంట్రోల్ రూంలో పనిచేసిన రోజుల్లో ఒక వరద రాత్రి, పైనున్న ప్రాజెక్టు నుంచి ఎన్ని గంటలకు ఎన్ని క్యూసెక్కుల (సెకనుకు ఇన్ని ఘనపుటడుగులని లెక్క) నీళ్లు వదులుతున్నారో వివరంగా మెయిల్ వచ్చింది. మేమంతా ఫోన్లు పట్టుకుని ఉన్నాం. మెయిల్ చూసే ఆపరేటర్ భోజనానికి ఇంటికి వెళ్లాడు. పాస్‌వర్డ్ అతనికొక్కడికే తెలుసు. ఆ మెయిల్ మేము చదివేసరికి గంటన్నర దాటింది. ఏటి గట్టున పాక వేసుకున్న కుటుంబం ఎలాగో బయటపడింది గానీ, కట్టుగొయ్యకున్న రెండు పాడిగేదెలు నీళ్లలో పోయాయి. పలుపు విప్పడానికి ఎంతసేపు పడుతుంది చెప్పు? ఆ ఇల్లాలి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అందుకని నువ్వు రాసే ప్రతి ఉత్తుత్తి మెయిల్‌నూ ఈ లెక్కతో చూసుకో. అది ఎవరి కంట పడాలి, వాళ్లు ఏ నిర్ణయం తీసుకోవాలి, ఆ నిర్ణయం ఎన్ని నిమిషాల్లో ఊరికి చేరాలి. ఈ మూడింటికీ జవాబు లేని మెయిల్ ఎంత బాగా రాసినా తీసెయ్.

అంతకంటే ముందు చూసుకోవాల్సింది ఒకటుంది. అభ్యాసం మెయిల్ గది దాటి బయటికి పోకూడదు. ఆఫీసు మెయిల్ నుంచి పంపొద్దు. సొంత జీమెయిల్ నుంచి అసలే వద్దు. రెండక్షరాలు కొట్టగానే కంప్యూటర్ తనంతట తానే పాత చిరునామా నింపేస్తుంది. హడావిడిలో ఎవరూ చూసుకోరు. మెయిల్ నేరుగా నిజం అధికారికి పోయి కూర్చుంటుంది. ప్రభుత్వ కంప్యూటర్లు, నెట్‌వర్క్ చూసే ఎన్‌ఐసీ వాళ్లను అడిగి, బయటి ఇంటర్నెట్‌తో సంబంధం లేకుండా ఆ గదిలోని కంప్యూటర్ల మధ్యే తిరిగే మెయిల్ పెట్టించుకో. చిరునామాల చివర డాట్ టెస్ట్ అని ఉండేలా చూడు. ఆ పేరును పరీక్షల కోసమని 1999లోనే పక్కన పెట్టారు, ఎవరికీ ఇవ్వరు. పొరపాటున బయటికి పోయినా చేరడానికి ఇన్‌బాక్స్ ఉండదు. అంత ఏర్పాటు కుదరకపోతే మెయిళ్లను కాగితం మీద ప్రింటు తీసి, టైము వేసి, చేతికివ్వు. నామోషీ ఏమీ లేదు.

2018 జనవరి 13న హవాయిలో ఏం జరిగిందో నీకు తెలియాలి. క్షిపణి దాడి అభ్యాసం కోసం వినిపించిన సందేశంలో మొదటా చివరా ‘ఎక్సర్‌సైజ్’ అనే మాట ఉంది. కానీ మధ్యలో ‘ఇది డ్రిల్ కాదు’ అనే వాక్యం కూడా ఉంది. డ్యూటీలో ఉన్న ఉద్యోగి నిజమే అనుకుని జనం ఫోన్లకు హెచ్చరిక పంపేశాడు. అది తప్పు అని ఫోన్లకు మళ్లీ సందేశం వెళ్లేసరికి 38 నిమిషాలు పట్టింది. అన్ని నిమిషాలు తల్లులు పిల్లల్ని దగ్గర పెట్టుకుని ఎలా గడిపి ఉంటారో ఆలోచించు. సహజంగా ఉంటుందని అలాంటి వాక్యం నువ్వెప్పుడూ రాయకు.

‘ఇది అభ్యాసం మాత్రమే’ అనే మాట సబ్జెక్ట్ లైన్‌లో పెడితే సరిపోదు. మెయిల్ మొదటి వరుసలో, చివరి వరుసలో, మధ్యలో కూడా ఉండాలి. ఎందుకంటే ఎవరో ఒకరు స్క్రీన్‌ను ఫోన్‌తో ఫోటో తీస్తారు. సబ్జెక్ట్ లైన్ తెగిపోయి, ‘పాకల తీరంలో అలలు లోపలికి వచ్చాయి’ అన్న ముక్క మాత్రం వాట్సాప్‌లో సింగరాయకొండ దాకా పోతుంది. 2004 డిసెంబర్ 26 సునామీ చూసిన పల్లెలమ్మా అవి. ఒక్క ఫోటో చాలు, ముసలీముతకా పరుగులు పెడతారు. డ్రిల్ ఉందని పోలీసులకు, విపత్తు వేళ జనం చేసే 1077 ఫోన్ ఎత్తేవాళ్లకు, విలేకరులకు, తీరం సర్పంచులకు ముందురోజే చెప్పించు.

ఇక లోపలి సరుకు గురించి. ముందే రాసిపెట్టుకుని టైముకు వదిలే సందేశాన్ని మీరు ఇంజెక్ట్ అంటారు కదా. వాటన్నిటికీ ఒక పెద్ద పట్టీ వేసుకో. ఎన్ని గంటలకు, ఎవరి పేరున, ఎవరికి, వాళ్లు చేయాల్సింది ఏమిటి, చేయకపోతే తర్వాత వదిలే మెయిల్ ఏది. వాతావరణ శాఖ వరస నీకు తెలిసిందే. 72 గంటల ముందు ప్రీ సైక్లోన్ వాచ్, 48 గంటలకు అలర్ట్, 24 గంటలకు వార్నింగ్, 12 గంటల ముందు తీరం దాటాక పరిస్థితి ఎలా ఉండబోతోందన్న అంచనా. మీ డ్రిల్‌లో ఒక గంటను పన్నెండు గంటలుగా లెక్కేసుకుంటే ఒక్క పూటలో అంతా నడుస్తుంది. తీరం దాటే చోటు మాత్రం మొదటే తేల్చి చెప్పకు. 2023లో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు నెల్లూరు, మచిలీపట్నం మధ్య అన్నారు, డిసెంబర్ 5న బాపట్ల దగ్గర దాటింది. అంత పొడవు తీరంలో అందరూ సిద్ధంగా ఉండాల్సి వచ్చింది. నీ మెయిళ్లు చదివేవాళ్లకు కూడా ఆ తెలియనితనం ఉండాలి.

నిజం రోజున మనుషులు తడబడే చోట్లన్నీ మెయిళ్లలో పెట్టు. ఒక బులెటిన్‌లో టైము యూటీసీలో, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే అంతర్జాతీయ టైములో ఇవ్వు. 0300 అని చూసి తెల్లవారుజాము మూడు అనుకుంటారు, మనకు అది ఉదయం ఎనిమిదిన్నర. ఒక ప్రాజెక్టు మెయిల్‌లో నీటి లెక్క క్యూమెక్కుల్లో, అంటే సెకనుకు ఇన్ని ఘనపు మీటర్లని రాయి. ఒక క్యూమెక్కు అంటే 35 క్యూసెక్కులకు పైనే. దాన్ని క్యూసెక్కులని చదివినవాడు పెద్ద వరదను పిల్లకాలువ అనుకుంటాడు. ఇంకొకటి, ‘పల్లెపాలెంలోకి నీళ్లొచ్చాయి, పడవ పంపండి’ అని రెండు ముక్కల మెయిల్ వదులు. మన తీరంలో పల్లెపాలెం లేని ఊరేది? ఏ ఊరి పల్లెపాలెం, ఏ మండలం అని తిరిగి అడుగుతారా, లేక కొత్తపట్నం అనేసుకుని పడవ పంపేస్తారా చూడు. నా అనుభవంలో అడిగేవాళ్లు తక్కువ.

మల్లవరం దగ్గరున్న గుండ్లకమ్మ ప్రాజెక్టును మర్చిపోకు. 2022లో ఒక గేటు కొట్టుకుపోయింది, 2023 డిసెంబర్‌లో ఇంకొకటి. తుపాను గాలి మొదలైన వేళకే మల్లవరం నుంచి గేటు గురించి మెయిల్ వస్తే, తీరం మీద ఉన్న మనుషుల్ని, బోట్లను కదిలిస్తారా, ఎవర్ని ఎక్కడికి? దానికి సరైన జవాబు ఒకటే ఉండదు. అందుకే అది మంచి మెయిల్.

పనికిరాని మెయిళ్లు కూడా కలపాలి. నిన్నటి నివేదిక ఇంకా రాలేదని పైనుంచి వచ్చేది, మీటింగు వాయిదా పడిందని వచ్చేది, ఒకే ఫోటో నాలుగుసార్లు ఫార్వర్డ్ అయి వచ్చేది. పదింట్లో మూడు మాత్రమే అసలువి ఉంటే చాలు. మొదటి అరగంటలోనే అన్నీ కుమ్మరించకు, మనుషులు టెన్షన్ పడి చదవడమే మానేస్తారు.

డ్రిల్‌లో కూర్చున్నవాళ్లు రాసే మెయిళ్లకు జవాబిచ్చేవాళ్లు పక్కగదిలో కనీసం ముగ్గురు ఉండాలి. రైల్వే, కరెంటు, నీటిపారుదల, మెరైన్ పోలీసు, ఇలా ఎవరికి రాస్తే వాళ్లలాగా జవాబివ్వాలి. జవాబు రాకపోతే ఇది ఆటేలే అని వదిలేస్తారు. ఒక్క మెయిల్‌కు మాత్రం కావాలనే జవాబివ్వకు. పదిహేను నిమిషాలు చూసి ఫోన్ ఎత్తి అడుగుతారా, లేక పంపేశాం కదా అని కూర్చుంటారా? పంపడం వేరు, చేరడం వేరు. నేను ఆ రాత్రి నేర్చుకున్నది అదే.

డ్రిల్ మధ్యలో ఎవరికైనా నిజంగానే ఒంట్లో బాగోలేకపోతే, లేదా నిజంగానే ఎక్కడో ప్రమాదం జరిగితే చెప్పడానికి ఒక మాట ముందే అనుకోండి. ‘అసలు కబురు’ అనుకోండి, ఏదైనా సరే. ఆ మాట వినగానే అంతా ఆగిపోవాలి.

చనిపోయినవాళ్లని రాయాల్సివస్తే నిజమైన పేర్లు వాడకు. అయిపోయాక అందరినీ కూర్చోబెట్టి మాట్లాడేటప్పుడు ఏ మెయిల్ ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు తెరిచారు, ఎప్పుడు జవాబిచ్చారు అన్న టైములు తెర మీద పెట్టు, మనిషి పేరు పెట్టకు. సీటు పేరు చాలు. మా ఆపరేటర్‌ను అప్పుడు అందరూ తిట్టారు. అన్నం తినడానికి వెళ్లిన మనిషిది తప్పెలా అవుతుంది? రెండో మనిషికి పాస్‌వర్డ్ ఇవ్వని పద్ధతిదే తప్పు. నీ డ్రిల్‌లో ఒక మెయిల్ సరిగ్గా భోజనాల వేళకు వెళ్లేలా చూడు.

పట్టీ మొదటి ముసాయిదా రాయగానే నాకు పంపు. శనివారం పినాకినిలో సాయంత్రానికి ఒంగోలు వస్తాను. జవాబిచ్చే గదిలో మల్లవరం సీటులో నన్ను కూర్చోబెట్టు. గేటు దగ్గరున్న మనిషి ఆ గాలిలో ఎంత పొట్టిగా, ఎలా తప్పులతో టైప్ చేస్తాడో నాకు తెలుసు. అత్తయ్య నిమ్మకాయ ఊరగాయ ఇచ్చి పంపుతానంది.

మీ మామయ్య