మేనకోడలికి, అరకు ఘాట్ ఎక్కేముందు

అమ్మలూ,

వచ్చే నెలలో విశాఖ నుంచి అరకు బండి మీద వెళ్తున్నావనీ, హెల్మెట్‌కి కెమెరా తగిలించి దారంతా వీడియో తీస్తావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చెప్పిన తీరు చూస్తే నేను నిన్ను ఆపుతానని ఆశ పెట్టుకున్నట్టుంది. ఆపను. మన ఇళ్లలో గేరు బండి నడిపిన మొదటి ఆడపిల్లవి నువ్వు. ఆ సంగతి కనపడ్డవాళ్లందరికీ చెప్పుకుని తిరిగేది నేనే. కాకపోతే ఫోను పెట్టేశాక ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. అందుకని రాస్తున్నాను.

లైసెన్సు, టైర్లలో గాలి, బ్రేకులు, గ్లవ్స్ - ఇవి నీకు చెప్పక్కర్లేదు. పెట్రోలు ఘాట్ మొదలయ్యేముందు ఎస్.కోటలో పోయించుకో.

కెమెరా నడినెత్తిన పెట్టకు. అలా పెట్టుకున్నవాళ్లని చూస్తే వాళ్లకి కొమ్ము మొలిచినట్టుంటుంది నాకు. పడితే అదే నేలకి తగిలి మెడ మెలిపడుతుందని నా భయం. గడ్డం దగ్గర పెట్టుకో, నీ చూపు ఎటు తిరిగితే బొమ్మ అటు తిరుగుతుంది. హెల్మెట్‌కి కన్నం మాత్రం పెట్టించకు. కన్నం పెట్టాక ఐఎస్ఐ ముద్ర ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. అంటించే మౌంట్ చాలు. స్పిరిట్‌తో తుడిచి ముందురోజే అంటించు, ఒక రోజంతా వదిలెయ్. బయల్దేరేటప్పుడు హడావిడిగా అంటించావంటే పెందుర్తి చేరేలోపే ఊడిపోతుంది. ఊడినా కెమెరా కింద పడకుండా, గట్టిగా లాగితే తెగిపోయేంత సన్నటి తాడు ఒకటి కట్టుకో. కేరళలోనైతే హెల్మెట్‌కి కెమెరా బిగిస్తే 1000 రూపాయల జరిమానా, లైసెన్సు సస్పెన్షన్ అని రవాణా శాఖ 2022లో ప్రకటించింది. రేపు అటు వెళ్లాలని బుద్ధి పుడితే ముందు కనుక్కుని వెళ్లు.

హ్యాండిల్‌కి బిగిస్తానంటావేమో. నీది సింగిల్ సిలిండర్ బండి, ఆ వణుకుకి బొమ్మంతా అలలు అలలుగా ఊగుతుంది. ఫోను అసలే వద్దు. మోటార్‌సైకిల్ ఇంజన్ల వణుకు ఐఫోన్ కెమెరాని పాడు చెయ్యొచ్చని 2021లో ఆపిల్ వాళ్లే చెప్పారు.

ఇక అసలు విషయం. మీ నాన్న ఎడమ భుజం దగ్గర ఎముక కాస్త ఎత్తుగా ఉంటుంది కదా. చిన్నప్పుడు నువ్వడిగితే "మేక అడ్డం వచ్చింది" అన్నాడు. మేకా లేదు, గొర్రే లేదు.

నేను పెళ్లి వీడియోలు మొదలుపెట్టిన కొత్తలు. నువ్వింకా పుట్టలేదు. భుజం మీద మోసే వీహెచ్ఎస్ కెమెరా, అప్పు చేసి కొన్నాను. అనంతగిరిలో పెళ్లి. మగపెళ్లివారు ఎస్.కోట నుంచి పూలు కట్టిన అంబాసిడర్‌లో కొండెక్కుతున్నారు. పెళ్లికొడుకు తమ్ముడికి సినిమా పిచ్చి. కారు ఘాట్ ఎక్కుతుంటే ఎదురుగా తియ్యాలని ఒకటే పట్టు. "నా ఆర్ఎక్స్ హండ్రెడ్ ఉంది కదా, పద" అన్నాడు మీ నాన్న. ఆయన నడపడం, నేను ఆయన వీపుకి వీపు ఆనించి వెనక్కి తిరిగి కూర్చుని కారుని తియ్యడం. ఇప్పుడెవరైనా అలా కూర్చుంటే చెంప పగలగొడతాను.

మీ నాన్న బండి బాగా నడుపుతాడు, అందులో నాకు ఇప్పటికీ అనుమానం లేదు. కానీ కారు దగ్గరికొచ్చేస్తోందా, ఫ్రేములో పడుతోందా లేదా అని ఆయనకి ఒకటే ఆత్రం. నన్నడిగితే చెప్పేవాణ్ణి. అడక్కుండా అద్దంలో చూశాడు. చూసి ఊరుకోలేదు, మళ్లీ చూశాడు. ఈలోపు మలుపు వచ్చేసింది. వాన నీళ్లకి కొట్టుకొచ్చిన ఇసక పరుచుకుని ఉంది అక్కడ. వెనక చక్రం జారి బండి కొండవైపు కాలవలోకి పోయింది. లోయవైపు పోయుంటే ఈ ఉత్తరం రాసేవాడూ ఉండేవాడు కాదు, చదివేదీ ఉండేది కాదు.

ఆ టేపు నా దగ్గర ఇంకా ఉంది. కారు, బంతిపూలు, డ్రైవరు మొహం, ఉన్నట్టుండి ఆకాశం. చాలాసేపు ఆకాశమే. దాని మీద మీ నాన్న గొంతు, "బావా, కెమెరాకేటీ అవలేదు కదా?" జబ్బ ఎముక విరిగిన మనిషి మొదట అడిగిన మాట అది. అప్పు నాది, కంగారు ఆయనది. మర్నాటిదాకా ఆస్పత్రికి కూడా రాలేదు. ఆ పెళ్లి క్యాసెట్‌లో భోజనాల బంతిలో చెయ్యి మెడకి తుండుతో కట్టుకుని, రెండో చేత్తో పులిహోర తింటూ నవ్వుతున్న మనిషి మీ నాన్నే. మీ అమ్మకి మేక కథే తెలుసు. అదలాగే ఉండనీ.

ఇదంతా ఎందుకంటే, నీ కెమెరాకి ముందో తెర, వెనకో తెర. ఎర్రలైటు వెలుగుతోందా లేదా అని మనసు లాగుతూనే ఉంటుంది. హ్యాండిల్ మీద ఫోను పెట్టుకుని అందులో బొమ్మ చూసుకుంటూ పోయేవాళ్లని కూడా చూశాను. అదీ మీ నాన్న అద్దమే. గంటకి 60 కిలోమీటర్లలో పోతుంటే ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు దాటిపోతావు. అందుకని బండి స్టాండు మీద ఉండగానే ఆన్ చేసి, ఎర్రలైటు చూసుకుని, తెర ఆర్పేసి, ఆ తర్వాత కెమెరా ఉందన్న సంగతే మర్చిపో. ఆగిపోయిందేమో అనిపిస్తే అనిపించనీ. వెడల్పాటి చోటు వచ్చాక ఆగి చూసుకో.

ఇంకొకటి. ఈ కెమెరాల లెన్సు బాగా వెడల్పు, దాంట్లో ఒక్కోసారి నీ వేగం తగ్గినట్టు కనిపిస్తుంది. అది చూసి పిల్లలు యాక్సిలేటర్ తిప్పేస్తారు. ఒసే, వేగం చూపించడానికి వేగంగా పోనక్కర్లేదే! కెమెరా రోడ్డుకి దగ్గరగా కిందికి దింపి, వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ వేసి షట్టర్ కాస్త నెమ్మది చేస్తే నలభైలో పోయినా చెట్లు పరిగెడతాయి. అది మా పనివాళ్ల కిటుకు. బండి ఆపి, మౌంట్ మార్చుకుని, ఖాళీ రోడ్డులో ఒక ముక్క అలా తియ్యి.

కేకే లైన్ (కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం) మీద గూడ్సు కనిపిస్తే ఆగి చూడు, ఆగి తియ్యి. నడుపుతూ తల తిప్పకు. విశాఖలో ఎన్ఏడీ (నేవీ ఆయుధాల డిపో) చుట్టుపక్కలంతా నేవీ వాళ్ల ప్రాంతం, అది దాటేదాకా కెమెరా సంచిలోనే ఉండనీ. సంతలో ఆడవాళ్ల మొహాల ముందు కెమెరా పెట్టకు, ముందు అడుగు, వద్దంటే నవ్వి వచ్చెయ్. ఎక్కడున్నావో అప్పటికప్పుడు లోకానికంతా చెప్పకు. ఇంటికొచ్చి స్నానం చేసి అన్నం తిన్నాక పెట్టుకో, ఎన్నైనా పెట్టుకో. దీని గురించి వాదించకు, నేను వినను.

బ్యాటరీ ఒక్కటీ గంటన్నర వస్తే గొప్ప, రెండు ఎక్కువ తీసుకెళ్లు. అనంతగిరి చలికి లెన్సు లోపల ఆవిరి పడుతుంది, దానికి పెట్టే చిన్న పట్టీలు అమ్ముతారు. మైకు హెల్మెట్ లోపల పెట్టుకో, లేకపోతే గాలి హోరు తప్ప ఏమీ వినపడదు. ఫుటేజీ మొత్తం నాకు పంపు, కట్ చేసి పెడతాను. నువ్వే చేసుకుంటానంటే చేసుకో, కానీ నీ గొంతు వినిపిస్తున్నచోట మ్యూజిక్ వెయ్యకు.

ఘాట్‌లో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. కొండెక్కేముందు ఎస్.కోటలో ఒకసారి, అరకులో దిగాక ఒకసారి మీ అమ్మకి ఫోన్ చెయ్యి. నాకు వేరే చెయ్యక్కర్లేదు. ఆ రోజు నేను మీ ఇంట్లోనే ఉంటాను.

మీ మావయ్య