కార్టిసాల్ తక్కువ వస్తే చేప హాయిగా ఉన్నట్టేనా?

ప్రశ్న: కొన్ని చేపల్ని కలుషిత నీటిలో, కొన్నిటిని శుభ్రమైన నీటిలో నెలపాటు ఉంచి, రక్తంలో కార్టిసాల్ (ఒత్తిడి కలిగినప్పుడు పెరిగే హార్మోన్) చూశాం. కలుషిత నీటి చేపల్లోనే తక్కువ వచ్చింది. వాటికి ఆ నీరు అలవాటైపోయిందని రాసేయొచ్చా?

జవాబు: అప్పుడే రాసేయకండి. ముందు ఒకటి చెప్పండి, వల వేశాక రక్తం తీయడానికి ఎంతసేపు పట్టింది? చేపను పట్టుకోవడమే దానికి పెద్ద టెన్షన్. అడ్రినలిన్ సెకన్లలో ఎగబాకుతుంది కాబట్టి దాన్ని అందుకోవడం కష్టం, కార్టిసాల్ మాత్రం కొన్ని నిమిషాలు తీసుకుంటుంది, అందుకే అందరూ దాన్నే కొలుస్తారు. ఆ కాస్త వ్యవధిలోనే, అంటే సుమారు మూడు నిమిషాల్లోపు, తోక దగ్గరి సిర నుంచి రక్తం తీసేయాలి. ఒకే తొట్టిలో వల తిప్పుతూ ఒక్కో చేపనే పట్టుకుంటూ పోతే, ఆఖరి చేపలో మీరు కొలిచేది నీటి ప్రభావం కాదు, మీ వల ప్రభావం. మత్తుమందు తక్కువ మోతాదులో ఇచ్చినా ఇదే తంటా, మత్తెక్కేలోపే హార్మోన్ పెరిగిపోతుంది.

ఇవన్నీ సరిగ్గానే చేశారనుకుందాం. అప్పుడు తక్కువ రావడం ఇంకా కంగారు పడాల్సిన విషయం. మెదడులోని హైపోథాలమస్ చెబితే పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్ అనే హార్మోన్ వదులుతుంది, అది రక్తంలో కలిసి మూత్రపిండం ముందుభాగంలో ఉండే ఇంటర్‌రీనల్ కణాలకు చేరితే అవి కార్టిసాల్ తయారు చేస్తాయి. కాడ్మియం లాంటి లోహాలు ఈ కణాలనే దెబ్బతీస్తాయి, ఏసీటీహెచ్ వచ్చి తలుపు తట్టినా అవి పలకవు. కెనడాలో లోహాలతో కలుషితమైన సరస్సుల్లోని ఎల్లో పెర్చ్ చేపల్లో 1990లలో ఇదే కనిపించింది: పట్టుకుని ఇబ్బంది పెట్టినా వాటిలో కార్టిసాల్ శుభ్రమైన చోటి చేపల్లో పెరిగినంతగా పెరగలేదు. ప్రమాదం వచ్చినప్పుడు ఒంట్లోని శక్తిని బయటికి తీసే హార్మోనే చాలకపోతే ఆ చేప పరిస్థితి ఏమిటి? దాన్ని అలవాటు పడటం అనడం నాకైతే అన్యాయం అనిపిస్తుంది.

కాబట్టి ఒక్క కొలతతో ఆపకండి. ప్రతి తొట్టిలోంచి కొన్ని చేపలకు వెంటనే రక్తం తీయండి, మిగతావాటిని గంటసేపు ఇరుకు వలలో నీళ్లలోనే ఉంచి అప్పుడు తీయండి. ఒకసారి రక్తం తీసిన చేపను మళ్లీ వాడొద్దు. శుభ్రమైన నీటి చేపల్లో అంకె బాగా పెరిగి, కలుషిత నీటి చేపల్లో కదలకుండా ఉంటే వ్యవస్థ దెబ్బతిన్నదని గట్టిగా అనుమానించవచ్చు. వీలుంటే ఏసీటీహెచ్ ఇంజెక్షన్ కూడా ఇచ్చి చూడండి: దానికీ స్పందన లేకపోతే లోపం ఆ కణాల్లోనే ఉంది, స్పందిస్తే మాత్రం పైన, మెదడు వైపు వెతకాలి.

పొలుసుల్ని పారేయకండి. వాటిలో కార్టిసాల్ వారాల తరబడి పోగవుతుంది, కాబట్టి వలలో పడిన ఆ కాసేపటి గొడవ దాని మీద పెద్దగా కనిపించదు. రక్తం, పొలుసులు రెండు ఫలితాలూ పక్కపక్కనే వేసి రాయండి.