డంపును ఎక్కడి నుంచి చదవాలి?

ప్రశ్న: హైదరాబాద్‌లో రాత్రి షిఫ్టులో ఒక విదేశీ బ్యాంకు మెయిన్‌ఫ్రేమ్ (పెద్ద కేంద్ర కంప్యూటర్) మీద నడిచే బ్యాచ్ జాబులు చూసుకుంటున్నాను. పాత అసెంబ్లర్ ప్రోగ్రాం ఒకటి నెలాఖరున ఎస్0సీ7 అనే ఎర్రర్ కోడుతో అబెండ్ అవుతోంది, అంటే మధ్యలోనే ఆగిపోతోంది. అమీర్‌పేటలో కోర్సు చేసినప్పుడు 0సీ7 అంటే డేటా తప్పని చెప్పారే గానీ, ఆ డేటాను పట్టుకోవడం నేర్పలేదు. డంపును, అంటే ఆగిన క్షణంలోని మెమరీ నకలును, ఐపీసీఎస్ అనే డంపులు చదివే సాధనంలో తెరిస్తే అంతా హెక్స్ (పదహారు ఆధారంగా రాసే) అంకెలే. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: డంపును మొదటి పేజీ నుంచి చదవబోతే తెల్లవారిపోతుంది. ఏ ఇన్‌స్ట్రక్షన్ దగ్గర ఆగింది, అది ఏ డేటాను తాకింది అన్న రెండు ప్రశ్నలకే జవాబు వెతకండి. ఐపీసీఎస్‌లో తెరుచుకుంది కాబట్టి మీ దగ్గరున్నది సిస్‌ఎండంప్ అనే రకమే అయ్యుంటుంది. సిస్‌యుడంప్ అనే మరో రకం మనిషి చదువుకోవడానికి వచ్చేది, అది ఐపీసీఎస్‌కు పనికిరాదు.

ఐపీసీఎస్ మెనూలోని ఆరో ఆప్షన్‌లో సమ్మరీ ఫార్మాట్ కమాండు ఇచ్చి, ఆర్‌టీఎం2డబ్ల్యూఏ అనే భాగాన్ని వెతకండి. తప్పు జరిగిన క్షణంలోని పీఎస్‌డబ్ల్యూ (ప్రోగ్రాం ఎక్కడుందో చూపే ప్రాసెసర్ స్థితి), రిజిస్టర్లు (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వలు) అక్కడ ఉంటాయి. ఉదాహరణకు, అడ్రసు పొడవును చెప్పే అడ్రసింగ్ మోడ్ బిట్టును పక్కన పెట్టాక పీఎస్‌డబ్ల్యూలోని అడ్రసు 21601286, ఇన్‌స్ట్రక్షన్ పొడవు 6 బైట్లు అనుకుందాం. 0సీ7లో పీఎస్‌డబ్ల్యూ తరువాతి ఇన్‌స్ట్రక్షన్‌ను చూపిస్తుంది కనుక 6 తీసేయాలి (కొత్తవాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే). ప్రోగ్రాం 21600000 దగ్గర లోడ్ అయి ఉంటే ఆఫ్‌సెట్ (ప్రోగ్రాం మొదటి నుంచి దూరం) 1280. అసెంబ్లర్ లిస్టింగులో ఎడమవైపు లొకేషన్ కాలమ్‌లో 1280 వెతికితే, బహుశా ఒక ఏపీ ఇన్‌స్ట్రక్షన్, అంటే ప్యాక్డ్ డెసిమల్ (బైటుకు రెండేసి అంకెలు ఇమిడ్చిన సంఖ్యల) కూడిక, కనిపిస్తుంది. దాని ఆపరాండ్లు (అది కూడే విలువలు) రెండింటికీ బేస్ రిజిస్టరు విలువకు డిస్‌ప్లేస్‌మెంట్ (ఇన్‌స్ట్రక్షన్‌లో రాసిన దూరం) కలిపి, వచ్చిన అడ్రసులను లిస్ట్ కమాండుతో చూడండి. అక్కడ 40404040 ఉంటే దొంగ దొరికినట్టే: మెయిన్‌ఫ్రేమ్ అక్షర కోడు ఎబ్సిడిక్‌లో 40 అంటే ఖాళీ అక్షరం, ప్యాక్డ్ సంఖ్య చివరి అర బైటులో ఉండవలసిన గుర్తు స్థానంలో 0 చెల్లదు. అంటే ప్రోగ్రాం తప్పు కన్నా, ఖాళీగా వచ్చిన ఇన్‌పుట్ ఫీల్డునే ముందు అనుమానించాలి. నెలాఖరున మాత్రమే వచ్చే ఫైలు ఏదో చూడండి.

ఇదే కోబాల్ ప్రోగ్రాం అయితే ఇంత శ్రమ అక్కరలేదు, చాలాసార్లు సీఈఈడంప్ అనే రిపోర్టులోని ట్రేస్‌బ్యాకే, అంటే ఏ ప్రోగ్రాం ఎక్కడ ఆగిందో చూపే జాబితాయే, సరిపోతుంది.

ప్రశ్న: కన్సోల్ పనిచేస్తున్నా జాబులేవీ కదలకపోతే, ఐపీఎల్ చేసేయమని, అంటే సిస్టమ్‌ను మళ్లీ మొదలుపెట్టమని, పైవాళ్లు తొందరపెడతారు. అంతకు ముందు ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, డల్లాస్

జవాబు: ఐపీఎల్ చేస్తే సాక్ష్యం చెరిగిపోతుంది. డిస్‌ప్లే జీఆర్‌ఎస్ కమాండుకు సీ (కంటెన్షన్, అంటే పోటీ) జోడించి ఇస్తే, ఏ రిసోర్సును ఎవరు పట్టుకున్నారో, ఎవరు ఎదురుచూస్తున్నారో తెలుస్తుంది. ఆ పట్టుకున్న జాబును కదిలించే ముందే దాని అడ్రస్ స్పేస్‌కు (అది వాడే మెమరీకి) డంప్ కమాండుతో డంపు తీయండి. డంపులో ఏమేం ఉండాలో చెప్పే ఎస్‌డేటాలో జీఆర్‌ఎస్‌క్యూ చేర్చితే, తరువాత ఐపీసీఎస్‌లో ఎనలైజ్ కమాండు ఇచ్చినప్పుడు ఆ పోటీ వివరాలు బయటికొస్తాయి. కన్సోల్ కూడా స్తంభించిపోతే స్టాండ్ అలోన్ డంపు ప్రోగ్రాంను ముందు ఐపీఎల్ చేసి, మెమరీ అంతా రాయించాకే ఆపరేటింగ్ సిస్టమ్ జడ్‌ఓఎస్‌ను మళ్లీ లేపాలి.