పార్కింగ్ సెన్సార్లు సొంతంగా బిగించుకోవడం: రంధ్రం ఎక్కడ పెట్టాలి, తీగ ఎటు లాగాలి

మీరు అడిగింది ఇది: కారు 2017 మోడల్ హ్యాచ్‌బ్యాక్, వెనక సెన్సార్లు లేవు, నాలుగు సెన్సార్ల కిట్ కొన్నారు. బంపర్‌కి రంధ్రాలు పెట్టి ఇంట్లోనే బిగించుకోవచ్చా, లేక షాపుకే ఇవ్వాలా?

బిగించుకోవచ్చు. డ్రిల్లు పట్టడం వచ్చి, మల్టీమీటర్‌తో 12 వోల్టులు చూసుకోవడం తెలిస్తే ఒక పూట పని. 2019 జులై 1 నుంచి తయారయ్యే కార్లకు వెనక సెన్సార్లు కంపెనీయే ఇవ్వాలన్న నిబంధన (ఏఐఎస్-145) ఉంది. మీది అంతకు ముందుది కాబట్టి బయటి కిట్టే దారి. అయితే ఒక మాట ముందే చెప్పాలి. అందరూ భయపడేది డ్రిల్లింగ్‌కి, కానీ అది పది నిమిషాల పని. తర్వాత వచ్చే గొడవల్లో ఎక్కువ భాగం, అంటే ఊరికే కూయడం, గోడ ఉన్నా కూయకపోవడం, రంధ్రం తప్పు చోట పెట్టడం వల్లా, సెన్సార్ తిప్పి పెట్టడం వల్లా వచ్చేవే. అందుకే సగం సమయం కొలతలకే ఇవ్వండి.

కిట్‌లో నాలుగు సెన్సార్లు, ఒక కంట్రోల్ బాక్సు, బజర్ లేదా చిన్న డిస్‌ప్లే, ఎరుపు-నలుపు పవర్ తీగ, ఒక హోల్ సా (గుండ్రటి రంధ్రం కోసే పళ్ల బిట్) ఉంటాయి. హోల్ సా సైజు నమ్మి నేరుగా బంపర్ మీద పెట్టొద్దు. మన దగ్గర దొరికే కిట్లలో 22 మి.మీ. సెన్సార్లు ఎక్కువ, 18-19 మి.మీ. చిన్నవీ ఉన్నాయి. ముందు పాత ప్లాస్టిక్ బకెట్ ముక్కకో డబ్బా మూతకో రంధ్రం పెట్టి సెన్సార్ దూర్చి చూడండి. వేలితో గట్టిగా నొక్కితే దిగాలి, చేత్తో తిప్పితే కొంచెం బిగువుగా తిరగాలి. సుత్తితో కొడితేగాని దిగనంత బిగువైతే సెన్సార్ ఒంటిని బంపర్ పిండేస్తుంది. సెన్సార్ శబ్దం పంపి, దాని ప్రతిధ్వనితో అడ్డాన్ని కనిపెడుతుంది. ఇలా బిగుసుకుంటే తన శబ్దాన్ని తానే పట్టుకుని, వెనక ఏమీ లేకపోయినా కూస్తుంది.

ఇవి కాక కావలసినవి: మాస్కింగ్ టేపు, దర్జీల కొలత టేపు, 3 మి.మీ. డ్రిల్ బిట్, ప్లాస్టిక్ తొడుగు (తీగలకు వేసే మడతల గొట్టం), కేబుల్ టైలు, హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి తగిలితే ముడుచుకుని అతుకును పట్టే గొట్టం), రింగ్ టెర్మినల్ (బోల్టు కింద బిగించే ఉంగరం లాంటి తీగ కొస) ఒకటి, 1 లేదా 2 యాంపియర్ల ఇన్‌లైన్ ఫ్యూజు (తీగ మధ్యలోనే పెట్టేది), న్యూట్రల్ రకం సిలికాన్. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వాడొద్దు. అది ఆరేటప్పుడు వదిలే ఆమ్లం రేకునీ రాగి తీగనీ తింటుంది.

ఇక కొలతలు. కారును చదునైన నేల మీద పెట్టండి, టైర్లలో గాలి సరిగా ఉండాలి. సెన్సార్ మధ్య భాగం నేల నుంచి 50 నుంచి 65 సెం.మీ. ఎత్తులో ఉంటే మంచిది. హ్యాచ్‌బ్యాక్‌కి 55 దగ్గర చూసుకోండి. 45 కన్నా కిందికి వెళ్తే నేల నుంచే ప్రతిధ్వని వచ్చి, కంకర రోడ్డు మీదా గేటు ముందు వాలు మీదా అదే పనిగా కూస్తుంది. వెనక సీట్లో ముగ్గురు కూర్చుని డిక్కీ నిండా సామాన్లు పెడితే బంపర్ ఇంకా కొన్ని సెంటీమీటర్లు దిగుతుందని మరచిపోవద్దు. ఖాళీ కారుతో 48 కొలిచి సరిపోయిందనుకుంటే సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు తెలుస్తుంది.

అడ్డంగా కొలవడానికి ఇనుప టేపు కాకుండా దర్జీ టేపు వాడండి, బంపర్ వంపు మీద సరిగా కూర్చుంటుంది. ముందు డిక్కీ తలుపు గడియ నుంచి కిందికి గీసి బంపర్ మధ్య గీత గుర్తించండి. అక్కడి నుంచి రెండు వైపులా సమానంగా కొలవాలి. ఉదాహరణకి వంపు మీదుగా మొత్తం 150 సెం.మీ. వచ్చిందనుకోండి. రెండు చివర్ల నుంచి 12 సెం.మీ. వదిలితే మిగిలేది 126, మూడు భాగాలు చేస్తే ఒక్కోటి 42. అంటే ఎడమ చివర నుంచి 12, 54, 96, 138 దగ్గర గుర్తులు. మూలల్లో వంపు ఎక్కువగా ఉంటే చివరి సెన్సార్లను ఇంకో రెండు మూడు సెంటీమీటర్లు లోపలికి జరపండి. చివరివి మరీ పక్కకు చూస్తుంటే, ఇరుకైన పోర్టికోలోకి వెనక్కి వస్తున్నప్పుడు పక్క గోడను చూసి మొత్తం సేపూ కూస్తూనే ఉంటాయి.

గుర్తు పెట్టిన చోట బంపర్ ముఖం నేలకు నిలువుగా ఉందో లేదో చిన్న మూలమట్టం పెట్టి చూడండి. బంపర్ కిందికి వాలి ఉంటే సెన్సార్ నేల వైపు చూస్తుంది. కొన్ని కిట్లలో ఒక వైపు మందంగా ఉండే రింగులు ఇస్తారు, వాటితో ఈ వాలు సరిచేయవచ్చు. అవి లేకపోతే బంపర్ మీదే ఇంకొంచెం నిలువుగా ఉన్న చోటు వెతకండి, నాలుగింటినీ కలిపి రెండు సెంటీమీటర్లు పైకో కిందికో జరిపినా పర్వాలేదు. కానీ నాలుగూ ఒకే ఎత్తులో ఉండాలి.

తర్వాత బంపర్ వెనక ఏముందో చూడాలి. ఇది వదిలేసినవాళ్లే ఎక్కువ చిక్కుల్లో పడతారు. లోపల ఇనుప బీమ్, కొన్ని కార్లలో దాని మీద థర్మాకోల్ లాంటి దిమ్మ ఉంటాయి. సెన్సార్‌కి వెనక 3 సెం.మీ. దాకా చోటు కావాలి, తీగ మరీ మడత పడకూడదు. కింద పడుకుని టార్చి వేసి చూస్తే చాలావరకు తెలుస్తుంది. తెలియకపోతే బంపర్ విప్పేయడమే నయం. చక్రం గూటి దగ్గరి స్క్రూలు, కింద క్లిప్పులు, డిక్కీ అంచున బోల్టులు ఉంటాయి. పాత కారు క్లిప్పులు చల్లటి ఉదయం విప్పితే పుటుక్కున విరుగుతాయి, కాస్త ఎండెక్కాక విప్పండి.

డ్రిల్లింగ్‌కి ముందు గుర్తు మీద మాస్కింగ్ టేపు రెండు పొరలు వేసి మళ్లీ గుర్తు పెట్టండి. 3 మి.మీ. బిట్‌తో చిన్న రంధ్రం చేయండి. హోల్ సా పెట్టాక మొదట డ్రిల్లును రివర్స్‌లో నెమ్మదిగా కొన్ని చుట్లు తిప్పండి. పళ్లు పెయింటును లాగకుండా గుండ్రంగా గీస్తాయి, అంచున పెచ్చులు లేవవు. పెయింటు తెగాక మామూలుగా ముందుకు తిప్పుతూ, తక్కువ వేగంలో, నొక్కకుండా కోయండి. బంపర్ ప్లాస్టిక్ సాధారణంగా పాలీప్రొపిలీన్. వేగంగా తిప్పితే తెగదు, కరిగి పళ్లకు అంటుకుని రంధ్రం పెద్దదవుతుంది. మధ్య బిట్ వెనక్కి ఎంత పొడుచుకొస్తుందో చూసి, వెనక తీగలేవైనా ఉంటే ముందే పక్కకు కట్టేయండి. కోశాక లోపలి ముళ్లు చాకుతో తీసి, అంచును 400 నంబర్ ఎమెరీ పేపర్‌తో ఒకసారి రుద్దితే చాలు.

సెన్సార్లకు కారు రంగు వేయాలనుకుంటే బిగించక ముందే వేయాలి. పలుచగా ఒకటి రెండు కోట్లు, అంతే. ముందున్న గుండ్రటి లోహపు బిళ్ల కంపించి శబ్దం పంపుతుంది, ఆ ప్రతిధ్వనితోనే మళ్లీ కంపిస్తుంది. పుట్టీ వేసి, ప్రైమర్ వేసి, పైన మందంగా లక్కర్ కొడితే ఆ కంపనం చచ్చిపోయి పట్టే దూరం తగ్గిపోతుంది.

సెన్సార్ వెనక ఒక బాణమో ‘పైకి’ అని సూచించే గుర్తో ఉంటుంది, అది తప్పకుండా పైకే ఉండాలి. సెన్సార్ అడ్డంగా వెడల్పుగా, నిలువుగా తక్కువగా చూసేలా చేస్తారు. పక్కకు తిప్పి పెడితే ఆ వెడల్పు నిలువుగా మారి నేలను చూస్తుంది. లోపలికి నొక్కేటప్పుడు మధ్య బిళ్ల మీద కాక చుట్టూ ఉన్న అంచు మీద రెండు బొటనవేళ్లతో నొక్కండి. డ్రైవర్ ఎడమ నుంచి ఏ, బీ, సీ, డీ వరుసలో పెట్టి, ఒక్కో ప్లగ్గు దగ్గర టేపు మీద అక్షరం రాసుకోండి. డిస్‌ప్లేలో ఎడమ, కుడి తారుమారు కాకుండా ఉంటుంది.

తీగలను డిక్కీలోకి తేవడానికి కొత్త రంధ్రం పెట్టకండి. దాదాపు అన్ని కార్లలో వెనక రేకులో రబ్బరు బిరడాలు ఉంటాయి, స్పేర్ టైరు గుంట పక్కనో టెయిల్ ల్యాంప్ వెనకో. బిరడాకి చాకుతో చిన్న గాటు పెట్టి తీగలు ఒక్కొక్కటే దూర్చి, సిలికాన్ పట్టించండి. బయటి వైపు తీగ బిరడా కన్నా కిందికి ఒక వంపు తిరిగి పైకి రావాలి, నీరు ఆ వంపు దగ్గర కారిపోతుంది. ఇది లేకుండా తీగ పై నుంచి నేరుగా లోపలికి దిగితే ఒక వానాకాలంలో స్పేర్ టైరు గుంట చెరువవుతుంది. సైలెన్సర్‌కి కనీసం ఒక జాన దూరంగా, ప్లాస్టిక్ తొడుగు వేసి ప్రతి 20 సెం.మీ.కి ఒక కేబుల్ టై కట్టండి. సెన్సార్ తీగ పొడవు ఎక్కువైందని కోసి అతకొద్దు. లోపల సన్నటి సిగ్నల్ తీగ, చుట్టూ జల్లెడ లాంటి లోహపు అల్లిక ఉంటాయి, అతుకు దగ్గర తేడా వస్తుంది. మిగిలింది వదులుగా మడిచి పెట్టండి.

కరెంటు రివర్స్ లైటు నుంచి తీసుకోవాలి. చాలా హ్యాచ్‌బ్యాక్‌లలో డిక్కీ తలుపు తెరిస్తే టెయిల్ ల్యాంప్‌కి రెండు బోల్టులు కనిపిస్తాయి, 10 నంబర్ పానాతో వస్తాయి. కొన్ని కార్లలో రివర్స్ లైటు ఒక వైపే ఉంటుంది, ముందే చూసుకోండి. చక్రాలకు అడ్డు పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ ఆన్ చేసి రివర్స్ గేరు వేయండి. మల్టీమీటర్ నలుపు కొస రేకు బోల్టుకు, ఎరుపు కొస ఒక్కో తీగకు పెట్టి చూడండి. రివర్స్ వేస్తే 12 వోల్టులు వచ్చి, న్యూట్రల్‌లో సున్నా అయ్యే తీగ మీకు కావాలి. బ్రేకు తొక్కి, పార్కింగ్ లైట్లు వేసి కూడా చూసుకోండి, పక్క తీగతో పొరపడకుండా. పాత కాలపు టెస్టు బల్బు వాడొద్దు, బాడీ కంట్రోల్ మాడ్యూల్ (లైట్లు వగైరా నడిపే కంప్యూటర్) ఉన్న కార్లలో దాని కరెంటు లాగుడు సరైనది కాదు.

కిట్ తీసుకునే కరెంటు అర యాంపియర్ కూడా ఉండదు, మామూలు 21 వాట్ల రివర్స్ బల్బు తీసుకునేది దాదాపు 1.75 యాంపియర్లు. కాబట్టి మామూలు కారుకి ఇది బరువు కాదు. కానీ బల్బు కాలిపోయిందని డ్యాష్‌బోర్డులో చెప్పే కార్లలో, ముఖ్యంగా కొన్ని ఐరోపా కంపెనీల వాటిలో, కంప్యూటర్ లైటుకు కరెంటును తునకలుగా పంపుతుంది. డిస్‌ప్లే మిణుకుమిణుకుమంటుంది, లేదా తప్పు సందేశం వస్తుంది. అలాంటి కారయితే తీగ తెంపకుండా ఎలక్ట్రీషియన్‌కి ఇచ్చేయండి.

అతుకు విషయంలో నా మాట గట్టిది: తీగ మీద నొక్కే నీలం క్లిప్పులు వద్దు. చెమ్మకు లోపలి రాగి పచ్చబడి, ఏడాది తిరక్కుండానే రివర్స్ లైటుతో సహా పోతుంది. తీగ పై తొడుగు ఒక సెంటీమీటర్ తీసి, కొత్త తీగ చుట్టి సోల్డర్ చేసి, ఇన్సులేషన్ చేయండి. తీగను తెంపలేదు కాబట్టి స్లీవ్ ఎక్కదు, అక్కడ మంచి గుడ్డ టేపు చుట్టండి. ఫ్యూజు అతుకు పక్కనే ఉండాలి. నలుపు తీగను రింగ్ టెర్మినల్‌తో రేకు బోల్టుకు, పెయింటు గీకి, విడిగా బిగించండి. లైటు ఎర్త్ తీగకు కలిపితే ఇండికేటర్ వేసినప్పుడల్లా డిస్‌ప్లే ఊగుతుంది.

కంట్రోల్ బాక్సును డిక్కీ పక్క ప్లాస్టిక్ లోపల, ప్లగ్గులు కిందికి ఉండేలా అంటించండి. డిస్‌ప్లే తీగ డ్యాష్‌బోర్డుకి తీసుకెళ్తే తలుపుల గుమ్మం పట్టీ కింద నుంచి లాగండి. పైకప్పు పక్కగా, స్తంభాల లోపల నుంచి వద్దు. కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటే విచ్చుకునే దారికి అది అడ్డం. బజర్ ఒక్కటే అయితే డిక్కీలో దాచకుండా వెనక సీటు పక్కకు తెండి, ఏసీ, పాటల మధ్య వినిపించాలి కదా.

ట్రిమ్ (లోపలి ప్లాస్టిక్ పలకలు) మూయకముందే పరీక్ష. 75 మి.మీ. పీవీసీ పైపు మీటరు ముక్క ఒకటి నిలబెట్టి, కారు కదపకుండా, ఇంజిన్ ఆపి రివర్స్‌లో పెట్టి, పైపును ఒక్కో సెన్సార్ ముందు మీటరున్నర నుంచి దగ్గరికి జరుపుతూ రండి. ఒక సెన్సార్ పలకకపోతే దాని ప్లగ్గు తీసి పక్క సాకెట్‌లో పెట్టండి. లోపం సెన్సార్‌తో పాటు జరిగితే సెన్సార్‌ది, సాకెట్ దగ్గరే ఉంటే బాక్సుది. నాలుగూ కలిసి ఊరికే కూస్తుంటే ముందు ఎర్త్ చూడండి. మధ్యవి రెండే కూస్తే నంబర్ ప్లేటు ఫ్రేమో బంపర్ గార్డో ఎదుట పొడుచుకొచ్చిందేమో చూడండి. వానలో మాత్రమే కూస్తే సెన్సార్ ముఖం మీద నీటి బొట్టు, బురద, అంతే. తుడిస్తే పోతుంది.

ఇవి ఏం చూడవో ఇంట్లో నడిపేవాళ్లందరికీ చెప్పండి. నేల కన్నా కిందిది చూడవు: మూత లేని మురుగు కాలువ, పునాదికి తవ్విన గుంత సెన్సార్లకు లేనట్టే. గేటుకు వేలాడే గొలుసు, సన్నటి ఇనుప చువ్వ, ముళ్లకంచె తీగ, బంపర్ కన్నా పొట్టిగా ఉన్న రాయి కూడా తప్పిపోతాయి. మెత్తటి బట్ట, పశుగ్రాసం కట్ట శబ్దాన్ని మింగేస్తాయి. పాతిక సెంటీమీటర్ల లోపల దూరం చెప్పలేవు. అంత దగ్గరిదాని ప్రతిధ్వని మిల్లీసెకను, ఒకటిన్నర మిల్లీసెకన్లలో తిరిగొచ్చేస్తుంది, అప్పటికి సెన్సార్ తాను పంపిన కంపనంతోనే ఇంకా ఊగుతూ ఉంటుంది. అందుకే ఆగకుండా కూత మొదలైన చోటే ఆగాలి, అది తగ్గినట్టు అనిపించినా ఇంకా వెనక్కి పోకూడదు. వేగం కూడా ముఖ్యం. గంటకు 10 కి.మీ.తో వెనక్కి వస్తే మీటరున్నర దూరం అర సెకను చిల్లరలో అయిపోతుంది, కూత విని కాలు బ్రేకు మీదికి వెళ్లే లోపే. నడక వేగం దాటొద్దు. చిన్న పిల్లలున్న వాకిట్లో అయితే కూత రాలేదని నమ్మకుండా దిగి చూసి రివర్స్ వేయండి.

కారు కడిగేటప్పుడు ప్రెషర్ గన్ సెన్సార్ల మీద అడుగు దూరం లోపల నుంచి కొట్టనివ్వకండి, సర్వీస్ సెంటర్‌లో ముందే చెప్పండి. చుట్టూ ఉన్న రబ్బరు రింగు దాటి నీరు లోపలికి పోతే ఆ సెన్సార్ మార్చాల్సిందే.